రెండేళ్లప్పటి గ్రహణం నిజంగా గుర్తుంటుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. 1980లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన రోజు నాకు గుర్తుంది. పట్టపగలు చీకటయింది. కోళ్లు గంప కిందికి పోయినయ్. ఆకాశం నిండా చుక్కలు కనిపించినయ్. బాపమ్మ నీళ్ల పళ్లెంలో రోకలి నిలబెట్టింది, అది ఇంటి వాసాలకు తగిలేంత ఎత్తుగా అనిపించింది. అమ్మ అప్పుడు తమ్మునితోని కడుపుతో ఉంది. లోపలి అర్రలో గోడవైపు తిరిగి పడుకుంది, ఎంత పిలిచినా పలకలేదు. గడప మీద కూర్చుని ఏడుస్తున్న నన్ను నేనే చూస్తున్నట్టు కనపడతది. మా అన్నేమో ‘నీకప్పుడు రెండేండ్లు, నీకేం గుర్తుంటది, మేం చెప్పుకుంటుంటే విన్నవి’ అంటడు. పదో తరగతి మెమోలో నా పుట్టిన తేదీ 1976 జూన్ అని ఉంది. అమ్మ మాత్రం దివిసీమ ఉప్పెన వచ్చిన నెల అంటది. నాది జ్ఞాపకమేనా?

ఇంకొకటి. నా బిడ్డ కొడుకుకు మూడున్నరేండ్లు. పీర్ల పండుగకు ఊరికొచ్చినప్పుడు మా చిన్నోడు పులి వేషం వేసిండు. అప్పటి నుంచి పిల్లగాడు ‘మామ పులి అయిండు’ అని వాని దగ్గరికి పోతలేడు. వీడియో చూపిస్తే ఇంకా ఏడుస్తున్నడు. ఈ భయం జన్మంతా ఉండిపోతదా? ఆ మాటే ఎత్తకుండా ఉంటే మంచిదా?

జవాబు: ముందు మీ వయసు తేల్చుకుందాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. బడిలో చేర్పించేటప్పుడు సారు వేసిన జూన్ తేదీలు మన దగ్గర ఇంటింటా ఉన్నాయి, వాటితో లెక్క వేయకండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. గ్రహణం 1980 ఫిబ్రవరి 16, శనివారం. అమ్మ లెక్కన ఆ రోజు మీకు రెండేళ్ల మూడు నెలలు. మెమో లెక్కన మూడేళ్ల ఎనిమిది నెలలు. మెమోనే నిజమైతే అసలు ఈ ప్రశ్నే లేదు, ఆ వయసు జ్ఞాపకాలు చాలామందికి ఉంటాయి. పెద్దవాళ్లను ‘మీ మొట్టమొదటి జ్ఞాపకం ఏది’ అని అడిగితే సగటున మూడు, మూడున్నరేళ్ల దగ్గర తేలుతుంది. అమ్మ మాట రాతలో లేకపోయినా ఊరంతా చెప్పుకున్న వార్తకు ముడిపడి ఉంది కాబట్టి మేం దానికే మొగ్గు చూపుతాం. అయినా ఇంకో ముడి వేసి చూసుకోండి. మీరు దీపావళికి ముందా తర్వాతా, వరి కోతల్లోనా, మీకూ తమ్మునికీ ఎన్ని నెలల తేడా అని అడగండి. గ్రహణం నాటికి తమ్ముడు కడుపులో ఉన్నాడంటే అతను ఆ ఏడాది నవంబరు దాటకుండా పుట్టి ఉండాలి. అది కుదరకపోతే మీకు గుర్తున్నది ఆ గ్రహణం కాదు.

ఆ రోజు చంద్రుడి నీడ కర్ణాటక తీరం నుంచి రాయచూరు మీదుగా మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం దాటుకుని ఒడిశా తీరానికి పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే పడింది. దేవరకొండ దాదాపు నడిదారిలో ఉంది. మూడున్నర దాటాక, నాలుగు కాకముందే, రెండు నిమిషాలకు కాస్త అటూఇటూగా పూర్తి చీకటి. కాబట్టి మీ ఊళ్లో పగలు చీకటయిందన్నది నిజం. మీరు చూశారా అన్నదే ప్రశ్న. దానికి జ్ఞాపకం మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకుని ఔను కాదు అనడం కుదరదు. ముక్క ముక్కగా విడదీయాలి.

కోళ్ల సంగతి నిజమే, చీకటి పడితే అవి గూటికి చేరతాయి. కానీ గ్రహణం మాట వస్తే ఊళ్లో అందరూ చెప్పేది అదే. ఈ ముక్క మీదా, ఊరిదా అన్నది ఎవరూ తేల్చలేరు. పక్కన పెట్టండి.

ఆకాశం నిండా చుక్కలు మాత్రం ఆ రోజువి కావు. సంపూర్ణ గ్రహణంలో ఆకాశం నడిరాత్రిలా నల్లబడదు, పొద్దుగూకాక ఉండే మసక వెలుతురులా ఉంటుంది. శుక్రుడి లాంటి ఒకటి రెండు గ్రహాలు, బాగా మెరిసే నక్షత్రాలు కొన్ని కనిపిస్తాయి, అంతే. పైగా ఆ రోజు చాలా ఇళ్లలో పిల్లల్ని బయటికే రానివ్వలేదు. ‘పట్టపగలు చుక్కలు కనపడ్డయ్’ అన్న పెద్దల మాట విని, మామూలు రాత్రుల్లో ఆరుబయట మంచం మీది నుంచి మీరు చూసిన ఆకాశాన్ని మీ మనసు అక్కడ అతికించింది. ఇది అబద్ధం చెప్పడం కాదు. ఖాళీ ఉన్నచోట తెలిసినదాన్ని నింపుకోవడం ఎవరి జ్ఞాపకమైనా చేసే పనే.

రోకలి విషయం కొంచెం ఆసక్తికరమైనది. రెండేళ్ల మూడు నెలల పిల్ల ఎత్తు మూడడుగుల లోపే. నిలబెట్టిన రోకలి ఆమెకంటే చాలా ఎత్తు. ‘వాసాలకు తగిలేంత’ అన్నది పెద్దవాళ్లు చెప్పే మాట కాదు, కింది నుంచి పైకి చూసిన కంటికి తోచే మాట. అది మీకు అనుకూలమైన సాక్ష్యం. అయితే చంద్రగ్రహణాలకూ రోకలి నిలబెట్టే ఇళ్లున్నాయి, మీకు అయిదేళ్లప్పుడు చూసిన రోకలి ఇందులోకి జారి ఉండొచ్చు. (అడుగు చదునుగా ఉన్న రోకలి గ్రహణం లేని రోజు కూడా నిలబడుతుంది, ఈ ఆదివారం నిలబెట్టి చూడండి.)

ఇక అమ్మ వీపు. మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన ముక్క ఇదే.

రెండేళ్ల బిడ్డకు సూర్యుడు మూసుకుపోవడం వింత కాదు. వింత అనిపించాలంటే ముందు మామూలు ఏమిటో తెలిసుండాలి. మధ్యాహ్నం మూడున్నరకు వెలుతురు ఉండి తీరాలన్న లెక్క ఆ వయసుకు ఇంకా గట్టిపడదు. చీకటయితే చీకటయింది. కానీ పిలిస్తే అమ్మ పలుకుతుందన్న లెక్క మాత్రం ఏడాది నిండకముందే గట్టిపడి ఉంటుంది. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో చేసిన పరీక్షలో తల్లి బిడ్డతో కాసేపు ఆడి, తర్వాత ముఖంలో ఏ కదలికా లేకుండా ఊరికే చూస్తుంది. కొన్ని నెలల పసివాళ్లు కూడా మొదట నవ్వి, చేతులు చాచి ఆమెను కదిలించాలని చూస్తారు, కుదరకపోతే ముఖం తిప్పుకుంటారు, ఏడుస్తారు. కడుపుతో ఉన్న మనిషి కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందని మీ అమ్మను కదలకుండా పడుకోబెట్టారు. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు, ఆ సంగతి వేరు. పెద్దలకు ఆ రోజు వింత పైన ఆకాశంలో జరిగింది. మీకు మాత్రం అర్రలో జరిగింది. ‘అమ్మ పలకలేదు’ అన్న ముక్క పెద్దల కథలో ఉండే అవకాశం తక్కువ. వాళ్లు చెప్పుకునేది ‘కదలకుండా పడుకున్న’ అనే.

గడప మీద ఏడుస్తున్న మిమ్మల్ని మీరే బయటి నుంచి చూడటం అబద్ధానికి గుర్తు కాదు. పాత జ్ఞాపకాలు ఇలా బయటి నుంచి కనపడటం మామూలేనని 1983లో నిగ్రో, నైసర్ చూపించారు. ఆ బొమ్మను మీరు తర్వాత ఎన్నోసార్లు తిరగేశారని మాత్రం దాన్నిబట్టి చెప్పొచ్చు.

రెండేళ్లప్పటిది అసలు గుర్తుండే వీలుందా అంటే, ఉంది, కొన్నిటికి. 1993లో అషర్, నైసర్ కాలేజీ విద్యార్థులను వాళ్ల చిన్ననాటి నాలుగు సంఘటనల గురించి అడిగారు. తమ్ముడో చెల్లో పుట్టడం, ఆసుపత్రిలో చేరడం రెండేళ్ల వయసువి కూడా కొందరికి గుర్తున్నాయి. ఇంట్లో చావు, ఇల్లు మారడం మాత్రం మూడేళ్లప్పటి నుంచే. 1981లో శ్రీశైలం ముంపు ఊళ్లు ఖాళీ చేసి వచ్చిన కుటుంబాల్లో అప్పటి రెండేళ్ల పిల్లలకు పాత ఇల్లు గుర్తు లేకపోతే అందులో ఆశ్చర్యం లేదు. మీ విషయంలో తమ్ముడు కడుపులో ఉండటం, ఆ వెంటనే పుట్టడం ఈ జ్ఞాపకం నిలవడానికి సాయపడి ఉంటాయి. తర్వాత ఇంట్లో పదే పదే చెప్పుకోవడం దాన్ని నిలబెట్టింది, అదే దాన్ని కల్తీ చేసింది కూడా.

పసితనంలోవి ఎందుకు చెరిగిపోతాయన్నదానికి రెండు కారణాలు గట్టిగా చెప్పొచ్చు. ఒకటి, జ్ఞాపకాలు కట్టే హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఆ వయసులో కొత్త కణాలు జోరుగా పుడుతుంటాయి, అవి పాత అల్లికలను చెదరగొడతాయి. టొరంటోలో ఫ్రాంక్లాండ్, జోస్లిన్ బృందం ఎలుకల మీద దీన్ని చూపించి 2014లో ప్రచురించింది. రెండోది మాటలు. న్యూజిలాండ్‌లో సిమ్‌కాక్, హేన్ రెండు నుంచి మూడేళ్ల పైబడిన పిల్లలకు ఒక పెట్టె చూపించారు. పైన పెద్ద బొమ్మ వేసి పిడి తిప్పితే కింద అలాంటిదే చిన్న బొమ్మ వస్తుంది. ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ అడిగితే, పెట్టెను ఎలా ఆడించాలో చేత్తో చేసి చూపించారు, ఫోటోలు గుర్తుపట్టారు. కానీ చూసిన రోజున తమకు రాని మాటలను, ఈలోగా నేర్చుకున్నా సరే, ఆ సంఘటన చెప్పడానికి వాడలేదు. కాబట్టి మీ జ్ఞాపకంలో ‘గ్రహణం’ అన్న మాట వినపడుతుంటే, అది తర్వాత వచ్చి చేరినదే. వీపు, చాప, గోడ, గడప ఉంటే అవి మొదటివి కావచ్చు.

మీ అన్న మాటలోనూ పస ఉంది, కొట్టిపారేయకండి. పిల్లల మనసు గురించి జీవితమంతా పని చేసిన జీన్ పియాజేకే రెండేళ్లప్పటి జ్ఞాపకం ఒకటి ఉండేది. పారిస్‌లో షాంజెలీజే వీధిలో ఎవడో తనను బండిలోంచి ఎత్తుకుపోబోతే ఆయా అడ్డుపడిందని, ఆమె ముఖం మీద గీరుకుపోయిన గాట్లతో సహా గుర్తు. ఆయనకు పదిహేనేళ్లప్పుడు ఆ ఆయానే ఇంటికి ఉత్తరం రాసింది. అదంతా తాను అల్లిన కథ అని, బహుమానంగా ఇచ్చిన గడియారం తిరిగి పంపేస్తున్నానని. అంటే జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉందన్నది దాని నిజానికి కొలత కాదు. అన్నకు మీ మీద ఈ ఒక్క విషయంలో గెలుపు ఇవ్వొచ్చు.

తేల్చుకోవాలనుంటే ఇలా చేయండి. ఇంకెవరితోనూ ఈ ముచ్చట తీయకముందే ఒక కాగితం మీద మొత్తం రాయండి, ఒక్కో వాక్యం ఒక్కో వరుసలో. ప్రతి వరుస పక్కన చూసినదా, విన్నదా, ఫోటోలోదా, తెలియదా అని గుర్తు పెట్టండి. ‘తెలియదు’ అన్నవే ఎక్కువ వస్తాయి, ఫరవాలేదు. తర్వాత పాత ఇంటి పటం గీయండి: తలుపు ఎటు, అర్ర ఎటు, గడప మీద కూర్చుంటే అమ్మ తల ఏ పక్కన ఉంది. ఈ పటం మాటలకంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఇంట్లో వాళ్లు కథ చెప్పేటప్పుడు దిక్కులు చెప్పరు. ఆ తర్వాత ఇల్లు తిరగ్గట్టి ఉంటే, ఏ సంవత్సరమో కనుక్కోండి. మీ బొమ్మలో ఉన్నది వాసాల ఇల్లా, స్లాబు ఇల్లా అన్నదే తేదీ చెప్పేస్తుంది.

ఇప్పుడు అమ్మను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడగండి. పెళ్లిళ్లలో, పదిమంది ఉన్నచోట వద్దు, ఒకరి మాట ఇంకొకరి నోట్లోకి పోతుంది. ‘నువ్వు గోడవైపు తిరిగి పండుకున్నవ్ కదా అమ్మా’ అని అడిగారో, పని చెడింది. ‘అవును బిడ్డా’ అంటుంది, మీ జ్ఞాపకం ఆమెదై కూర్చుంటుంది. ‘ఆ దినం ఇంట్ల ఏమేమయింది చెప్పే’ అని వదిలేయండి. ‘నేనెక్కడున్న’ అన్నది చివర్న అడగండి. అన్నను వేరే రోజు, వేరేగా. పటం ఇద్దరికీ చివర్నే చూపించండి. అమ్మ తనంతట తాను ‘నువ్వు గడప కాడ కూర్చుని ఒకటే ఏడుపు’ అంటే అది మీ మాటకు బలమే, అయితే చిన్నప్పుడు కూడా ఇదే చెప్పేదా అని ఆలోచించుకోవాలి. ఎవరూ ఎన్నడూ చెప్పని దిక్కు, వెలుతురు వచ్చిన కిటికీ, పటంతో సరిపోతే అది అంతకన్నా గట్టిది.

మా అంచనా చెప్పమంటే: అమ్మ వీపు మీదే. రోకలి సగం సగం. కోళ్లు ఊరివి. చుక్కలు అరువు.

ఇక మనవడి సంగతి. ‘మామ పులి అయిండు’ అని వాడు అన్నది ముద్దు మాట కాదు, చూసింది చూసినట్టు చెప్పాడు. 1969లో రీటా డివ్రీస్ ప్రచురించిన ప్రయోగంలో మేనార్డ్ అనే పెంపుడు పిల్లిని పిల్లలకు చూపించి, దాని ముందు సగాన్ని తెర చాటుకు పంపి కుక్క ముఖం తొడిగారు. వెనక సగం, తోక పిల్లల కళ్ల ముందే ఉన్నాయి. అయినా మూడేళ్ల వాళ్లలో చాలామంది అది కుక్క అయిపోయిందనే అన్నారు. కరుస్తుందేమోనని జంకినవాళ్లూ ఉన్నారు. అయిదారేళ్లు వచ్చినవాళ్లు ‘పిల్లే, ముఖం తగిలించారు’ అన్నారు. పైకి కనపడేది మారితే లోపలి మనిషి మారడన్నది ఆ మధ్య ఏళ్లలో కుదురుకునే జ్ఞానం. పసుపు రంగు, నల్ల చారలు, తోక, డప్పు దరువుకు ఎగిరే అడుగులు, ఒక పక్క అలావా మంట, జనం కేకలు: ఇన్ని కలిస్తే మీవాడికి మామ మిగలలేదు.

మాట ఎత్తకుండా ఉండటం పరిష్కారం కాదు. అలాగని రోజూ ‘పులి ఏం చేసింది’ అని అడగడం అంతకంటే చేటు. 1994లో స్టీఫెన్ సెసి బృందం బడికి పోని వయసు పిల్లల్ని, ఎలుకల బోనులో వేలు ఇరుక్కోవడం లాంటి జరగని సంగతుల గురించి వారం వారం అడుగుతూ పోయింది. పది వారాలయ్యేసరికి సగానికి పైగా పిల్లలు ఏదో ఒక జరగనిదాన్ని జరిగినట్టు వివరంగా చెప్పారు. ‘పులి నిన్ను పట్టుకుందా? గోళ్లతో గీకిందా?’ అని మీరు సరదాకు అడిగినవి కూడా వాడి కథలో చేరతాయి. వాడు తీసినప్పుడు మాత్రమే అడగండి: ‘ఏం చూసినవ్ బిడ్డా?’, ‘తర్వాత ఏమైంది?’, ‘ఇంకా?’ చాలు. వాడు చెప్పిన తప్పును వెంటనే దిద్దకండి. చెప్పడం అయ్యాక మీరు ఒకే మాట అనండి: ‘మామ రంగు పూసుకున్నడు. నీకు భయమైంది. రంగు కడుక్కున్నడు.’ ప్రతిసారీ అవే మాటలు.

వీడియో ఆపేయండి. వాడికి అది పాతది కాదు, పులి మళ్లీ వచ్చినట్టే. పైగా పదేళ్లకు వాడికి గుర్తుండేది వీడియోనే అవుతుంది.

తర్వాత మీ చిన్నబ్బాయితో ఈ పని చేయించండి, పండుగ రంగులు కాకుండా పసుపు ముద్ద, కాటుకతో. పగలు, ఇంట్లో, అమ్మ ఒడిలో పిల్లవాడు ఉండగా, నాలుగడుగుల దూరంలో కూర్చుని మామ మాట్లాడుతూ తన ఎడమచేతికి మాత్రమే పసుపు రాసి, రెండు చారలు గీసుకోవాలి. వెంటనే చెంబుతో నీళ్లు పోసి కడుక్కోవాలి, వాడు చూస్తుండగా. పూయడంకంటే కడగడమే ముఖ్యం. ఆ రోజుకు అంతే. రెండోరోజు పిల్లవాడు కావాలంటే వాడే మామ చేతికి రాస్తాడు, వద్దంటే బలవంతం లేదు. చేతి నుంచి బుగ్గకు, బుగ్గ నుంచి సగం ముఖానికి, ఒక్కో మెట్టు ఒక్కో రోజు. వాడు ముఖం తిప్పుకుంటే ముందటి మెట్టుకు రావాలి. మొత్తం ముఖం ఈ ఏడాది వద్దు. సాధారణంగా చెడేది ఎక్కడంటే, మూడోరోజు ధైర్యం వచ్చిందని మామ ఒక్కసారి గాండ్రిస్తాడు, ఇంట్లో అందరూ నవ్వుతారు, మళ్లీ మొదటికి వస్తుంది. ఆయనకు ముందే గట్టిగా చెప్పండి.

ఈ పని జరిగేటప్పుడు మీ ముఖాలూ చూసుకోవాలి. 1985లో ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని అద్దపు బల్ల మీద పాకించారు, అద్దం కింద లోతు ఉన్నట్టు కనపడుతుంది. అవతల తల్లి నవ్వుముఖం పెడితే 19 మందిలో 14 మంది దాటారు. భయపడ్డ ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ‘అయ్యో, మళ్లీ ఏడుస్తడో ఏమో’ అని మీరు వాడి వంక చూస్తే అది వాడికి తెలుస్తుంది. తాయెత్తు కట్టించినా, పీర్ల చావడి దగ్గర ఊదు పట్టించినా మాకు అభ్యంతరం లేదు. ‘పులి గాలి సోకింది’ అన్న మాట మాత్రం వాడు వినేలా అనకండి.

జన్మంతా గుర్తుంటుందా అన్నారు. మూడేళ్లప్పుడు తల్లులతో మాట్లాడిన సంఘటనలను ప్యాట్రీషియా బావర్, మరీనా లార్కినా తర్వాత అడిగి చూస్తే, అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు అరవై శాతానికి పైగా గుర్తున్నాయి, ఎనిమిది తొమ్మిదేళ్ల వాళ్లకు నలభై శాతం కూడా లేవు. కాబట్టి రెండు మూడేళ్లు గుర్తుంటుంది, మూడో తరగతికి వచ్చేసరికి పోయే అవకాశమే ఎక్కువ. జ్ఞాపకం ఉండటం వేరు, భయం ఉండటం వేరు. రెండోదాన్నే చూసుకోండి. నెల దాటినా రాత్రిళ్లు ఉలిక్కిపడి లేవడం, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, తిండి తగ్గడం, అమ్మను క్షణం వదలకపోవడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఒకవేళ పిల్లవాడి మాటల్లో ఎవరో కొట్టారనో, తాకారనో వస్తే మళ్లీ మళ్లీ గుచ్చి అడగకుండా, వాడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, తేదీతో రాసిపెట్టి పిల్లల సహాయవాణి 1098కి చెప్పండి. మామూలు పులి భయానికి అంతదాకా పోనక్కర్లేదు, వచ్చే నెలకల్లా వాడే మామ చేతికి చారలు గీస్తానని కూర్చోవచ్చు.